గొర్రె తలల బొమ్మ

నాకు మనుషుల మొహాలు వేయడం సరిగా రాదు. ఇన్నేళ్లూ ఎక్కడా ఒప్పుకోలేదు గానీ, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై ఏళ్లకు పైగా డ్రాయింగు మాస్టారుగా పనిచేస్తున్నాను. పగలంతా పిల్లల చేత మామిడికాయలూ జాతీయ జెండాలూ వేయించి, ఇంటికొచ్చాక నా బొమ్మలు నేను వేసుకుంటాను. నా బొమ్మల్లో మనుషులుండరు, జంతువులుంటాయి. ‘జంతువుల ద్వారా సమాజాన్ని నిలదీసే చిత్రకారుడు’ అని ఒకసారి పేపర్లో రాస్తే, ఆ ముక్క కత్తిరించి బీరువాలో దాచుకున్నాను. నిలదీయడం సంగతి దేవుడెరుగు. మొహాలు రాకపోవడం ఒక కారణం, భయం రెండో కారణం.

భయం ఎలా పట్టుకుందో కూడా చెప్పాలి. మొదట్లో ఒక నాయకుడి బొమ్మ వేసి, ఒక కాలేజీ హాల్లో జరిగిన ప్రదర్శనలో పెట్టాను. పోలికలు అంతంతమాత్రమే గానీ, మీసమూ కండువా చూసి అందరూ పోల్చుకున్నారు. మర్నాడు ఎవరో ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, “మాస్టారూ, మీరు స్కూలుకి ఏ బస్సులో వెళ్తారండీ?” అని అడిగాడు. ఇంకేమీ అనలేదు. ఆ పూటే బొమ్మ దింపేశాను. వారం తిరక్కుండా అదే కండువా ఒక నక్క మెడలో వేసి, మళ్లీ అదే మేకుకు తగిలించాను. ఈసారి ఫోన్ రాలేదు. నక్క పరువునష్టం దావా వేయదు కదా.

అక్కణ్ణించి నాకు రాజమార్గం దొరికినట్టయింది. మన తిట్లు సగం జంతువుల పేర్లే కాబట్టి సరుక్కి కొదవలేదు. గాడిదలకు ఖద్దరు తొడిగాను. ఊసరవెల్లికి మైకు ఇచ్చాను. తుళ్లూరు వైపు రాజధాని కోసం తవ్విన పునాదుల్లో నీళ్లు నిలిచి జమ్ము మొలిచిన రోజుల్లో, ఆ గుంట చుట్టూ నక్కలు బాసింపట్లు వేసుకుని కూర్చున్న బొమ్మ వేశాను. గోతికాడ నక్కలు అనేది మనకు తెలిసిన మాటే కాబట్టి ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. ఒక పార్టీవాళ్లు నలుగురొచ్చి దాని ముందు విరగబడి నవ్వి, “భలే వేశారండీ వాళ్లని” అన్నారు. వాళ్లు వెళ్లిన కాసేపటికి అవతలి పార్టీవాళ్లొచ్చి అక్షరం పొల్లుపోకుండా అదే మాటన్నారు. రెండు గుంపులతోనూ ఫొటో దిగాను. జంతువుని వేస్తే వచ్చే సుఖం ఇదే. అందులో ఎవడికీ తన మొహం కనపడదు, పక్కవాడిదే కనపడుతుంది. ఇది నా బొమ్మల బలం అని చాలాకాలం మురిసిపోయాను. నేనూ అందరిలాంటివాణ్ణేనని అప్పటికి తోచలేదు.

తర్వాత వేసిన పెద్ద బొమ్మ పేరు ‘మంద’. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో నలభైమంది రైతులు, భుజాల మీద తువ్వాళ్లు, చేతులు మోకాళ్ల మీద. అందరి మెడల మీదా గొర్రె తలలు. ఎదురుగా వేదిక ఉందని తెలుస్తుంది గానీ దాని మీద ఎవరున్నారో కనపడదు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని మన సామెత. భూములు ఇమ్మంటే ఇచ్చినవాళ్లు, కొట్టువాడు ఏ విత్తనం చేతిలో పెడితే అది తెచ్చుకునేవాళ్లు, ఎవడు దండం పెడితే వాడికి ఓటేసేవాళ్లు, అందరూ ఆ కుర్చీల్లో ఉన్నారని నా భావం. భావం బాగానే ఉంది. గొర్రెలే కుదరలేదు.

టౌన్లో పుట్టి పెరిగినవాణ్ణి. గొర్రెని నేను దగ్గరగా చూసింది మాంసం కొట్టు కొక్కేనికి వేలాడుతున్నప్పుడే. ఫోన్లో వెతికితే బొచ్చు గొర్రెలొచ్చాయి, దూదిబస్తాలకు కాళ్లు మొలిచినట్టు. మన గొర్రెకు ఆ బొచ్చుండదు. పొడుగాటి మొహం, వంపు తిరిగిన ముక్కు, వేలాడే చెవులు. నేను వేసిన మొదటి వరస చూసి మా ఆవిడ, “కుక్కల మీటింగా?” అని అడిగింది.

గుంటూరు దాటి ప్రకాశం జిల్లా వైపు పోయే దారిలో ఒక ఊళ్లో, మా నాన్న నుంచి నాకు వచ్చిన రెండెకరాల చేను ఉంది. నేను వ్యవసాయం ఎరగను. ఆ ఊళ్లోనే ఉండే ఒకతను కౌలుకు తీసుకుని పత్తి వేస్తుంటాడు. పత్తి ఆఖరి తీత అయిపోయాక, ప్రకాశం మెట్ట ప్రాంతం నుంచి గొర్రెల కాపరులు మందలు తోలుకుని వస్తారు. ఎండిపోతున్న చెట్ల ఆకూ రెమ్మా వాటికి మేత, పడిన పెంట చేనుకు ఎరువు. ఆ రోజుల్లో సెలవు పెట్టి, స్కెచ్ పుస్తకం పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. అలా పరిచయమయ్యాడు ఒక కాపరి.

యాభై దాటినవాడు, బక్కమనిషి. అరవై చిల్లర తలల మంద. “మీ గొర్రెల బొమ్మలు గీసుకుంటాను” అంటే ఒక్క క్షణం ఆలోచించి, “జీవాలా? గీసుకోండి” అన్నాడు. అతని నోట గొర్రె అనే మాట నేను వినలేదు. ఒకటైతే జీవం, మందంతా జీవాలు. గొర్రె అన్నది కొనేవాళ్ల మాట.

అతనికో అలవాటుంది. ఏ చేలో కాలు పెట్టాలన్నా ముందు ఆ చేను తాలూకు మనిషిని వెతికి పట్టుకుని, “మందు కొట్టి ఎన్నాళ్లయిందండి?” అని అడుగుతాడు. జవాబు విన్నాక కూడా నాలుగు చోట్ల ఆకు తుంచి వాసన చూస్తాడు. నాలిక కొసకు తగిలించి ఉమ్మేస్తాడు. అప్పుడు గానీ నల్లమూతి గొర్రె ఒకదాన్ని ముందుకు వదలడు. అది నడిస్తే మిగతావి నడుస్తాయి. ఆ ఏడాది మా కౌలు రైతు అక్కడే ఉండి, నెల దాటిందని చెప్పాడు. మంద లోపలికి వెళ్లింది. వారం రోజులు తనివితీరా గీసుకున్నాను.

గీస్తున్నంతసేపూ అతను నా పక్కన కర్ర మీద గడ్డం ఆనించుకుని కబుర్లు చెప్పేవాడు. వాళ్ల అన్న మంద అమ్మేసుకుని గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరాడట. “పొద్దస్తమానం గేటు కాడ కుర్చీలో కూచుంటాడండి. ఒక్క జీవం మొహం కనపడదు. ఇయ్యి పోయిన్నాడు నేనూ ఆ కుర్చీలో కూచోవాల్సిందే. నాకింకో పని రాదు” అన్నాడు. సరేలే, అందరి బతుకులూ అంతే అన్నాను. నా దృష్టంతా గొర్రె ముక్కు వంపు మీదుంది.

‘మంద’ బాగా కుదిరింది. గుంటూరులోనే ప్రదర్శన పెట్టాం. చూపిస్తారా అని అతను రెండుసార్లు అడిగాడు కాబట్టి కబురు చేశాను. ఉతికిన చొక్కా వేసుకుని, బస్సెక్కి వచ్చాడు. హాల్లో లెక్చరర్లు, పేపరువాళ్లు, నా స్నేహితులు ఉన్నారు. అతను బొమ్మకు దగ్గరగా వెళ్లి, ఒక్కో తలనీ చూసుకుంటూ వరస చివరిదాకా నడిచి, నా వైపు తిరిగాడు.

“వీటికేమైందండి?” అన్నాడు.

“ఏమైంది?”

“మూతుల కాడ పచ్చగుండాయి. కళ్లు తేలేసినయ్యి. ఇయ్యి మందు తిన్న జీవాలండి.”

రోగిష్టి కళ రావాలని నేనే మూతుల కింద ఆకుపచ్చ పూశాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అవి నిజం గొర్రెలు కావయ్యా, మనుషులు, కసాయివాణ్ణి నమ్మే మనుషులు అని పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. అతను నవ్వలేదు.

“కసాయిని నమ్మవండి. కసాయోడు దొడ్డి కాడికొస్తే వాసన పట్టి మంద మొత్తం వెనక్కి పోద్ది. నన్ను నమ్ముతయ్యి. నేను ముందు నడిస్తే ఎనకమాల వస్తయ్యి. పట్టిచ్చేది నేనే గదా” అన్నాడు.

ఒక లెక్చరరు ఆహా అని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. రెండు నెలల తర్వాత విజయవాడలో ఒక సభలో ఆ మాటలు నా సొంతంగా తోచినట్టు చెప్పేశాను. నమ్మకాన్ని కసాయివాడికి చేరవేసే మధ్యవాడే అసలు దోషి అన్నాను. చప్పట్లు బాగానే కొట్టారు.

మరుసటి ఏడాదికి హైదరాబాదులో ఒక గ్యాలరీవాళ్లు ‘మంద’కు జోడీగా ఇంకొకటి వేసిమ్మన్నారు. ఈసారి షామియానా వద్దు, పగిలిన పత్తికాయల మధ్య, ఏటవాలు ఎండలో నిలబడ్డ మంద కావాలనుకున్నాను. స్కూల్లో ఒకటిన్నర రోజు సెలవు దొరికింది. కాపరి మా చేనున్న ఊరి పొలిమేరలోకి వచ్చాడని తెలిసి మధ్యాహ్నం బస్సులో వెళ్లాను. మా చేలో చెట్ల మీద ఇంకా కొంచెం పచ్చదనం ఉంది, అక్కడక్కడా తీయకుండా వదిలేసిన పత్తి తెల్లగా వేలాడుతోంది. బొమ్మకి అంతకంటే ఏం కావాలి? కౌలు రైతు ఊళ్లో లేడు, మిరపకాయలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్లాడు.

కాపరి మందను డొంక దారిలో ఆపి నా దగ్గరకొచ్చాడు. “మందు కొట్టి ఎన్నాళ్లయిందండి?”

“నెలైంది” అన్నాను. పోయినేడు విన్న జవాబే నోటికొచ్చింది.

అతను ఆకు తుంచాడు, వాసన చూశాడు. “వాసనొస్తందండి.”

“పక్కన మిరప తోటకు కొడుతున్నారుగా, దాని వాసన.”

అది అబద్ధమని కచ్చితంగా అనలేను. ఆ కాలంలో మా వైపు గాలి ఎప్పుడూ అలాగే ఉంటుంది. మిరపకు వారంలో రెండుసార్లు కొడతారు. అన్నం తింటున్నా మందు వాసనే, మంచినీళ్లు తాగుతున్నా మందు వాసనే. ఏ చేనుదో ముక్కుతో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకేనేమో అతను ఆకుని నాలిక్కి తగిలించి, ఉమ్మి, మళ్లీ ఇంకోటి తుంచాడు.

“ఎందుకైనా మంచిది, ఆయనకో ఫోన్ కొట్టండి మాస్టారూ” అన్నాడు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. దాంతో ఎండని ఫొటోలు తీస్తున్నాను. ఎండ దిగిపోతోంది, ఇంకో గంటన్నర కంటే ఉండదు. కౌలు రైతుకి ఫోన్ చేస్తే యార్డు గోలలో ఎత్తడు, ఎత్తినా ధరల గురించి పావుగంట చెబుతాడు అనుకున్నాను.

“ఇందాకే కొట్టాను. నెలైందన్నాడు” అన్నాను.

అతను ఇంకేమీ అడగలేదు. నాలిక టక్కుమనిపించాడు. నల్లమూతి గొర్రె చేలోకి అడుగు పెట్టింది, వెనకే మంద దిగింది. ఆ సాయంత్రం గీసిన బొమ్మలు నా జన్మలో గీసినవాటిలోకల్లా మంచివి. ఆ మాట చెప్పకపోతే ఇందులో ఇంకో అబద్ధం చేరుతుంది.

రాత్రి బస్సుకు గుంటూరు వచ్చేశాను. తెల్లారి, యార్డు నుంచి తిరిగొచ్చిన కౌలు రైతు ఫోన్ చేశాడు. “మాస్టారూ, మన చేలో గొర్రెల్ని ఎవరు తోలమన్నారు? ఆఖరి తీతకి కాయలున్నాయిగదాని కొట్టా. కొట్టి నాలుగు రోజులేగా! కూలోళ్లు దొరక్క ఆ పత్తి కూడా తీయలా. ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణిగా” అన్నాడు.  దొరికిన ఆటో పట్టుకుని వెళ్లాను.

డొంకలో, గట్ల మీద, కాలవలో పడి ఉన్నాయి. కొన్ని కాళ్లు కొట్టుకుంటున్నాయి. నోళ్ల నుంచి నురగ. మూతుల చుట్టూ నమిలిన ఆకు పసరు ఆకుపచ్చగా అంటుకుని ఉంది. కాపరి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కోదాని నోట్లో గొట్టంతో మజ్జిగ పోస్తున్నాడు. చచ్చినదానికి కూడా పోస్తున్నాడు, ఏది చచ్చిందో ఏది బతికుందో చూసుకునే స్థితిలో లేడు. నన్ను చూసి, “పట్టుకోండి మాస్టారూ, దీని తల పైకెత్తండి” అన్నాడు. ఎత్తాను. ఏడాదిన్నరగా గీస్తున్న తలని చేతుల్లోకి తీసుకోవడం అదే మొదలు. అది నా చేతుల్లోనే పోయింది.

పశువుల డాక్టరు వచ్చి దొరికినవాటికి దొరికినట్టు ఇంజెక్షన్లు చేశాడు. పొద్దున పది గంటలు దాటాక లెక్కపెడితే పోయినవి నలభై ఒకటి. నల్లమూతిది అన్నిటికంటే ముందు మేసింది కాబట్టి అన్నిటికంటే ముందే పోయిందట.

“మందు కొట్టిన చేలోకి ఎవరయ్యా తోలమంది?” అని డాక్టరు కసిరాడు.

అతను నా వైపు చూశాడు. చూసి, “ఎవరూ తోలమనలా సార్. నేనే తోలా. అడిగే తోలా” అన్నాడు. ఎవర్ని అడిగావని డాక్టరు అనేలోగా గట్టవతల ఇంకో గొర్రె తన్నుకోవడం మొదలుపెట్టింది. సిరంజి పట్టుకుని అటు పరిగెత్తాడు. నాకు ఆ క్షణం ప్రాణం లేచొచ్చినట్టయింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

సర్కారు సాయం రావాలంటే కాపరి వాంగ్మూలం జత చేయాలట. అతనికి చదువు రాదు. డాక్టరు ఒక తెల్లకాగితం నా చేతికిచ్చి, “మాస్టారూ, మీ దస్తూరీ బాగుంటుంది, అతను చెప్పినట్టు మీరు రాసిపెట్టండి. జీవాలని కాదు, గొర్రెలని రాయండి” అన్నాడు. గట్టు మీద కూర్చున్నాను. కౌలు రైతు దూరంగా తుమ్మచెట్టు కింద గొంతుక్కూర్చుని నా చేతి వంకే చూస్తున్నాడు, తన మీదికి ఏం వస్తుందోనని. పాపం వాణ్ణి కాపాడాలి అనుకున్నాను. ఎంత చక్కటి సాకు! వాడి తప్పేముంది కాపాడటానికి? వాణ్ణి ఎవరూ అడగనే లేదు.

కాపరి పేరు రాశాను, ఊరు రాశాను, ఎన్ని గొర్రెలు పోయాయో రాశాను. తర్వాత, “నేను ఎవరినీ అడగకుండా నా గొర్రెలను సదరు చేలోకి తోలుకున్నాను” అని రాశాను. ఎవరూ నన్ను రాయమనలేదు. డాక్టరు చెప్పలేదు, రైతు బతిమాలలేదు. చెయ్యి దానంతటదే రాసిందని అనడానికి లేదు, ‘సదరు’ అనే మాట దగ్గర ఆగి ఆలోచించి మరీ రాశాను.

“ఏం రాశారు మాస్టారూ, చదవండి” అన్నాడు కాపరి. చదివాను, ఆ ఒక్క వాక్యం వదిలేసి. నోరు తడబడకుండా, క్లాసులో పాఠం చదివినట్టు చదివాను. అతను విని, తలాడించి, వేలిముద్ర వేశాడు. వేలి సిరా మట్టికి తుడుచుకుంటూ, “పూడ్చేస్తారంట. మీ బొమ్మలకి పనికొస్తయ్యేమో, ఫొటోలు తీసుకోండి” అన్నాడు. తీసుకున్నాను.

ఆ ఫొటోలు పెట్టుకునే రెండో బొమ్మ పూర్తి చేశాను. పత్తి చేలో పడి ఉన్న గొర్రె తలల మనుషులు. హైదరాబాదులో దాని ముందు జనం మాట్లాడకుండా నిలబడ్డారు. వ్యవస్థ మీద ఇంత కోపంగా ఎవరూ వేయలేదన్నారు. ఎవరి మీద కోపం అని ఒక అమ్మాయి అడిగితే, కంపెనీల మీద, పట్టించుకోనివాళ్ల మీద అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆ మందు అమ్మేవాళ్లూ, కొనక తప్పని వ్యవసాయమూ, అన్నీ నిజమే. అంత పెద్ద పెద్ద నేరాల వెనక నాది దాచుకోవడానికి చోటు బాగానే దొరికింది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పొద్దున కాపరి గుంటూరులో మా ఇంటికొచ్చాడు. మిగిలిన జీవాల్ని వాళ్ల బావమరిది మందలో కలిపాడట. అవి కలవలేక ఎడంగా తిరుగుతున్నాయని చెప్పాడు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే తీసుకుని తాగకుండా పక్కన పెట్టాడు. సంచిలోంచి ఒక కవరు తీసి, “ఆపీసు నుంచి వచ్చింది. ఏముందో చదివి పెట్టండి మాస్టారూ. మా ఊళ్లో ఎవరికిచ్చినా సగం చదివి అర్థం కాలేదన్నారు, అంతే. మీరైతే అంతా చదువుతారని తెచ్చా” అన్నాడు. ఈ సాయం వస్తే పది జీవాల పిల్లల్ని కొని మళ్లీ మంద కడతాడట. రాకపోతే అన్నలాగే కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ పనే గతి, ఆ పనికి అక్కడి మేస్త్రీ సోమవారం దాకా చూస్తానన్నాడట.

ఈసారి వదిలేసి చదవడానికి వీల్లేదు. కాగితంలో ఉన్నదే ఒక్క వాక్యం. కాపరి ఎవరినీ అడగకుండా మందు కొట్టిన పొలంలోకి గొర్రెలను తోలినట్లు తానే స్వయంగా వాంగ్మూలం ఇచ్చినందున, నష్టానికి అతని నిర్లక్ష్యమే కారణమని భావించి దరఖాస్తు తిరస్కరించడమైనది. అంతా పైకి చదివేశాను. 

అతను కాగితం మీదికి వంగి చూశాడు. “ఎవుర్నీ అడక్కుండానా?” అన్నాడు. “అడక్కుండా ఒక్క చేలో కాలు పెట్టినోణ్ణి కాదే నేను.”

నేనేదో అనబోయాను. అతను వినిపించుకోలేదు. నా మీద అనుమానమన్నది అతని మొహంలో ఏ మూలా లేదు. ఆఫీసువాళ్లు ఎవరి కాగితంలోదో తెచ్చి తన కాగితంలో కలిపేశారని అనుకుంటున్నాడు. సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం తీసి, బల్ల మీద అరచేత్తో సాపు చేశాడు.

“వాళ్లు తప్పు రాసుకున్నారు మాస్టారూ. ఇంకోటి రాసి పెట్టండి. నేను అడిగానని రాయండి. మిమ్మల్నే అడిగా గదండి, ఫోన్ గూడా కొట్టారు గదా, ఆ సంగతంతా రాయండి. నా మాట నమ్మకపోయినా, కింద సాక్షి అని మీరు సంతకం పెడితే మీ మాట నమ్ముతారు.”